ఎర్రగడ్డకు వేర్లు రాని నీళ్ళు

మా కడప వైపు ఎర్రగడ్డ అంటే కోసేటప్పుడు కళ్ళు మండేది. ఉర్లగడ్డ అంటే ఉడకబెట్టి తొక్క తీసేది. ఈ రెండింటికీ మా ఇళ్ళల్లో ఎవరూ తికమక పడరు. బడి పుస్తకంలో మాత్రం ఎర్రగడ్డను ఉల్లిపాయ అనీ, ఉర్లగడ్డను బంగాళదుంప అనీ రాస్తారట. మా బడికి కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మది కర్నూలు అవతల ఊరు. ఆమె ఇంటిబెల్లు కొట్టే వేళకు, "రేపు తలా ఒక ఉల్లిగడ్డ తెచ్చుకోండి" అని చెప్పి పంపించింది. ఆ మాట పుస్తకం మాటా కాదు, ఇంటి మాటా కాదు, రెండింటి మధ్యా పడిపోయింది. గోలలో పిల్లలకు వినబడింది ఉర్లగడ్డ.

మా పాప ఎనిమిదో తరగతి. ఇంటికి రాగానే సంచి కూడా దించకుండా అడిగింది.

"అమా, రేపు బడికి ఉర్లగడ్డ కావాల."

"ఉర్లగడ్డతో ఏం పాఠమే? కూర చేసి చూపిస్తాదా మీ మేడం?"

"నాకేం తెలుసు? అందరూ తేవాలంట."

అంగడికి పోయి కొనిచ్చాను. ప్రతి ఇంట్లోనూ అదే పని జరిగింది. తెల్లారి టీచరమ్మ బల్ల మీద ఉర్లగడ్డలు కుప్ప పోశారట. ఆమె ఆ కుప్పను చూసి, పిల్లల మొహాలు చూసి, కుర్చీలో కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్విందట. ఆ సాయంత్రం గుడ్డసంచిలో అవన్నీ వేసుకుని, నేతవాళ్ళ వీధిలో ఇంటింటికీ తిరిగి ఇచ్చేసింది. అట్లా వచ్చింది మా ఇంటికి.

అప్పుడు నేను రంగు కలిపే బాన దగ్గర ఉన్నాను. మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయన పోయాక మగ్గం నడపడం నా ఒక్కదాని వల్ల కాలేదు. నూలుకు రంగు వేయడం మాత్రం నాకు వచ్చు. వీధిలో వాళ్ళు తెల్ల నూలు చిలపలు కట్టలు కట్టలుగా తెచ్చిస్తారు. ఎరుపో, పసుపో, ఆకుపచ్చో వాళ్ళు అడిగిన రంగు వేసి, ఆరబెట్టి ఇస్తాను. నాకూ పాపకూ అన్నం ఆ బానలోంచే వస్తుంది. అది ఆగిన రోజు మా పొయ్యి ఆగుతుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగిందంతా దీని చుట్టూనే తిరిగింది.

"అక్కా, నా మాట పిల్లోళ్ళకు అర్థం కాలే. ఇదో నీ ఉర్లగడ్డ" అంది టీచరమ్మ.

"ఉండనీ మేడం. పిల్లోళ్ళకు ఉడకేసి పెట్టకూడదా?"

"దుడ్లు పెట్టి కొన్నారు గదక్కా, ఎందుకు? ఎర్రగడ్డ ఒకటియ్యి చాలు. సీసా మూతి మీద కూచోబెడతాం. అడుగు నీళ్ళకు తగిలితే నాలుగు రోజుల్లో వేర్లు దిగుతాయి. నీళ్ళు మంచివైతే గడ్డం మాదిరి దిగుతాయి. చెడ్డవైతే దిగవు. నీళ్ళెట్లాంటివో ఎర్రగడ్డే చెప్తాది."

నేను ఎర్రగడ్డ తేవడానికి లోపలికి పోయి వచ్చేసరికి ఆమె కిందికి చూస్తోంది. బాన కుమ్మరించిన ఎర్రనీళ్ళు ఆమె చెప్పుల పక్క నుంచి పారుతున్నాయి.

"ఇవి యాడికి పోతాయక్కా?"

"వీధి కాలువలోకి."

"కాలువ యాడికి పోతాది?"

"మీ బడి ఎనకాల కుంటలోకి" అన్నాను.

ఆమె ఎర్రగడ్డ తీసుకుని పోయింది. ఏమన్నా అనుంటే నేనూ ఒక మాట అనేదాన్ని. అనకపోయేసరికి ఆ రాత్రంతా నేనన్న ఆ కుంట మాటే మనసులో మెదిలింది.

ఆ వారంలోనే మళ్ళీ కబురు పెట్టింది, పనికిరాని నూలు ఉంటే పంపమని, పిల్లల చేత ఆట ఆడించాలని. నేనే ఎత్తుకుని పోయాను. కుంట గట్టు మీద పిల్లలను గుండ్రంగా నిలబెట్టింది. ఒకరు పాచి, ఒకరు దోమ, ఒకరు చేప, ఒకరు పాము, ఒకరు కొంగ, ఒకరు బర్రె. మా పాప కప్ప. ఎవరు ఎవరిని తిని బతుకుతారో వాళ్ళ చేతికి దారం పోవాలి. కాసేపటికి పిల్లల మధ్య దారాలు అల్లుకుని పెద్ద వల అయింది.

"ఇప్పుడు కుంట నీళ్ళు చెడిపోయి కప్పలు చచ్చిపోయినాయి. కప్ప దారం వదిలెయ్యాల" అంది టీచరమ్మ.

మా పాప వదల్లేదు.

"వదులు పాపా."

"వదలకూడదు మేడం."

"ఎందుకు?"

"పోగు వదిలితే చిక్కు పడతాది. తెగితే అతకాల గానీ వదలకూడదు."

మిగతా పిల్లలంతా అవునవును అన్నారు. పాలు మానినప్పటి నుంచీ మగ్గం పక్కన పెరిగిన పిల్లలు. వాళ్ళ చేతులకు అదే అలవాటు. టీచరమ్మ కత్తెర తీసుకుని కప్ప దగ్గర దారాలు తానే కత్తిరించింది. దారం తెగడం ఆలస్యం, పామూ దోమా చెరొక కొస పట్టుకుని, చిటికెలో మగ్గం ముడి వేసి లాగి చూసుకున్నారు. వల మళ్ళీ బిగిసింది.

"కప్ప పోయింది గదరా! పాముకూ దోమకూ ముడి ఎట్ల ఏస్తారు?"

పాముగా ఉన్న పిల్లవాడు ఏమాత్రం తడుముకోలేదు. "ఇంగ పాము దోమల్ని తింటాది మేడం!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. టీచరమ్మా నవ్వింది కానీ ముందుగా నవ్వు ఆపింది ఆమే.

"తినదప్పా. నా బాధంతా అదే. మగ్గం మీద తెగితే అతికేదానికి మీరుండారు. ఈడ తెగితే అతికేవాళ్ళు లేరు."

ఆ తర్వాత టీ వడగట్టే జాలీలకు కర్రలు కట్టి ఇచ్చి, కుంటలోకి దింపింది. చేతులకు తొడుగులు వేయించింది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్న నా చేతులు చూసుకుని నాకు నవ్వొచ్చింది. అవతలి గట్టున పిల్లల జాలీలో కప్పపిల్లలు, తూనీగ పిల్లలు, నీళ్ళ మీద నడిచే కాళ్ళపురుగులు పడ్డాయి. తెల్ల పళ్ళెంలో పోసుకుని ఒకరినొకరు తోసుకుంటూ చూశారు. ఇవతల, మా వీధి కాలువ వచ్చి పడే చోట ఎన్నిసార్లు ముంచినా సన్నటి ఎర్రపురుగులు తప్ప ఏమీ రాలేదు. ఏ పిల్లా నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న అవస్థ నాకు తెలిసింది.

ఎర్రగడ్డలు సీసాల మీద కూర్చున్నాయి. ఒక సీసాలో బోరు నీళ్ళు, ఒకదానిలో అవతలి గట్టు నీళ్ళు, ఒకదానిలో ఇవతలివి, ఇంకొకదానిలో మా ఇంటి ముందు కాలువవి. కాగితం అంటిస్తే తడిసిపోతుందని సీసా మెడలకు రంగు దారాలు కట్టారు. మా సీసాకు ఎర్ర దారం. పాపే కట్టిందట.

నాలుగు రోజులు పోయాక పాప అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరుపుతోంది.

"ఏందే? తిను."

"మన నీళ్ళలో ఏర్లు రాలే అమా."

"రాకపోతే?"

"అడుగంతా మెత్తబడి కుళ్ళిపోయింది. బోరు నీళ్ళలో దానికి ఇంత పొడుగు దిగినాయి."

"ఎర్రగడ్డకు ఏర్లు వస్తే నీకు అన్నమొస్తాదా? ఆ బాన పెట్టింది తింటా బానకే పేరు పెడతాండావా?"

ఇక్కడ మా పాప రాయనని కలం పెట్టేసింది. నాకు సంతకం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే తనే రాస్తోంది. అన్నమాట అన్నట్టే రాయమన్నాను. ఆ రోజు తను కంచం పక్కకు జరిపి లేచిపోయింది. నేనూ తినలేదు.

ఎదురింటి పెద్దాయన నాకు ఎక్కువ పని ఇచ్చే నేతగాడు. ఆయన్ను మామా అంటాను. తెల్లారి వాకిట్లో పళ్ళు తోముకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏమ్మా, నీ మీద ఎర్రగడ్డలు సాక్ష్యం చెప్తాండాయంట గదా?"

"చెప్పనీ మామా. నీ చీరకు ఎరుపు యాడ నుంచి వస్తాదో గూడా చెప్పమను."

అన్నానే కానీ నాకు రోషం వచ్చింది. నీళ్ళు ఎర్రగా ఉండడమే కదా వాళ్ళ బాధ అనుకున్నాను. మా పుట్టింట్లో బురద నీళ్ళకు పటిక తిప్పి తేట చేసేవాళ్ళం. బాన నీళ్ళు బక్కెట్టులోకి తీసుకుని పటిక గట్టిగా తిప్పాను. రాత్రి ఉంచి పొద్దున చూస్తే రంగు చాలావరకు కిందికి దిగి, పైన తేటగా ఉన్నాయి. సీసాలో పట్టుకుని నేనే బడికి పోయి టీచరమ్మ చేతిలో పెట్టాను.

"ఇవి మా నీళ్ళే. ఇంగ చూడండి మేడం."

పిల్లలంతా సీసా ఎత్తి వెలుతురులో చూశారు. "మీ అమ్మ భలే తేట చేసింది" అని ఒక పిల్ల అంది. మా పాప మొహం విప్పారింది. టీచరమ్మ కూడా బాగుందనే చెప్పి, "ఎర్రగడ్డను గూడా అడుగుదామా అక్కా?" అంది.

అడిగారు. ఈసారి రోజూ ఏదో ఒక సాకు పెట్టుకుని నేను బడి దాకా పోయి కిటికీలోంచి చూసి వచ్చాను. వేర్లు రాలేదు. గడ్డ అడుగున చిన్న చిన్న మొటిమల్లా లేచి, అక్కడే నల్లబడిపోయాయి.

"తేటవైనంత మాత్రాన మంచివి కావక్కా. రంగు పట్టేదానికి నువ్వు ఏసిన ఉప్పు, సోడా అట్లే ఉండాయి. కంటికి కనపడవు. పటిక గూడా ఆ నీళ్ళలోనే ఉండాది" అంది టీచరమ్మ. పిల్లలకు చెప్పినట్టే నాకూ చెప్పింది, గట్టిగా కాదు. నేను సీసా తీసుకుని వచ్చేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తేట నీళ్ళు అంటే మంచి నీళ్ళు అనే అనుకున్నాను నేను.

పిల్లలు కూడా ఊరికే కూర్చోలేదు. కుండకు చిల్లులు పెట్టి ఇసుక, బొగ్గు, గులకరాళ్ళు పరిచి నా నీళ్ళు పోసి చూశారు. రంగు తగ్గింది. వేర్లు కాస్త వచ్చి ఆగిపోయాయి. ఇదంతా కలిపి కడపలో సైన్సు ఫెయిరులో పెడతారని, మా పాపే నిలబడి చెబుతుందని తెలిసిన రోజు నాకు భయమేసింది. అక్కడికి పెద్ద పెద్ద సార్లు వస్తారు. ఈ నీళ్ళు ఎవరివని అడుగుతారు. బాన మూయమంటే మేమిద్దరం ఏం తినాలి?

టీచరమ్మ దగ్గరికి పోయి ఉన్నమాట చెప్పాను. "నా పేరు రానియ్యద్దు మేడం. నాకు ఇంగో పని రాదు."

"రానియ్యనక్కా. ఒక వీధి కాలువ అని రాస్తాం. నీ పొట్ట కొట్టే పాఠం నాకు గూడా వద్దు."

ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చాను. పాపకు చెబితే సంతోషించలేదు.

"వీధి కాలువ అంటే మామోళ్ళది గూడా అయితాది గదమా? పక్కింటోళ్ళది గూడా. వాళ్ళేం చేసినారు?"



ఈ చిక్కుకు దారి అనుకోకుండా దొరికింది. పిల్లలు సీసాలు కడిగేటప్పుడు మిగిలిన నా నీళ్ళు బడి వరండా ముందు నల్లబండ మీద ఒలికాయట. ఎండలో ఉన్న కడప బండ సంగతి తెలిసిందే కదా, కాలు పెట్టలేం. అన్నాల వేళకు నీళ్ళు ఎగిరిపోయి, బండ మీద ఎర్రటి పొర మిగిలింది. ఒకడు గోటితో గీకితే పొడిగా రాలింది. టీచరమ్మ అందరినీ పిలిచి చూపించింది.

"నీళ్ళు పోయినాయి. రంగూ ఉప్పూ యాడికి పోయినాయి?"

"యాడికీ పోలే మేడం. ఈడే ఉండాయి, బండ మీద."

"కుంటలోకి పోయినాయా?"

"లే!"

మా పాప ఒక్క పరుగున ఇంటికి వచ్చింది. రొప్పుతూ చెబుతుంటే నాకు సగమే అర్థమైంది. చివరి మాట మాత్రం అర్థమైంది. "ఎండకు ఎండబెడదామా. ఎండ మనకు కొదవా?"

మరి అంత నీళ్ళు పరిచే చోటు ఏది? ఇంటి వెనక మా ఆయన మగ్గం సావిడి ఉండేది. గాలివానకు రేకులు లేచిపోయి పైకప్పు లేకుండా పడి ఉంది. అక్కడ పొద్దస్తమానం ఎండే. మధ్యలో మగ్గం గుంట, ఆయన కాళ్ళు దించుకుని కూర్చునేది. నీళ్ళు ఎండేదానికి వెడల్పాటి తొట్టి కట్టాలంటే అది పూడ్చాలి.

మామ వచ్చి చూసి ఒప్పుకోలేదు. "వాడు కూచున్న గుంటమ్మా అది. పూడుస్తావా?"

"ఆయన కూచోని ఉంటే పూడుస్తానా మామా" అన్నాను.

ఆయన మొహం పక్కకు తిప్పుకుని, కాసేపటికి తనే పార తెచ్చాడు. మొదటి గంప మట్టి నేను వేశాను. ఆ తర్వాత పిల్లలు వేశారు. బండలు కోసేచోట పారేసిన పగుళ్ళ ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. పిల్లలు లెక్కలు వేసి, నీళ్ళు లోతుగా ఉంటే ఎండవనీ పలుచగా పారించాలనీ చెప్పారు. తొట్టి జానెడు గట్టుతో, వెడల్పుగా కట్టాం. సందుల్లో సిమెంటు పూశాం. నీళ్ళు కాలువలోకి పోయే బెజ్జాన్ని మా పాప తన చేత్తోనే మూసింది.

నేనూ పద్ధతి మార్చుకున్నాను. చివరి జాడింపు నీళ్ళు పారబోయకుండా మరుసటి బానకు వాడుతున్నాను. ఎండాక తొట్టిలో మిగిలే పొరను గీకి సంచిలో పోస్తున్నాం. ఆ సంచిని ఏం చేయాలో టీచరమ్మకూ తెలియదు, కనుక్కుంటానంది. ఇప్పటికి అది వానకు తడవకుండా మూలన ఉంది.

కడపకు బస్సులో పోయాం. హాలునిండా పిల్లలు, అట్టలు, తీగలు, వెలిగే దీపాలు. మా బల్ల మీద ఎర్రగడ్డల సీసాలూ, పళ్ళెమంత చిన్న తొట్టీ. నేను గోడ పక్కన నిలబడ్డాను. మార్కులు వేసే పెద్ద సారు వచ్చి అంతా విని, ఎర్ర దారం సీసా చేతికి తీసుకున్నాడు.

"ఈ నీళ్ళు ఎక్కడివి పాపా?"

పాప నా వైపు చూసింది. చెప్పమనీ కాదు, వద్దనీ కాదు, ఊరికే చూసింది. టీచరమ్మ "ఒక వీధి..." అని మొదలుపెట్టింది. నా కాళ్ళు వాటంతటవే ముందుకు వచ్చాయి.

"నావి సారూ. రంగేసేది నేనే. ఇది నా కూతురు."

ఆయన సీసా దించి నన్ను ఎగాదిగా చూశాడు. "కుంట పాడవుతోందని తెలిసీ ఇంకా రంగు వేస్తున్నావా అమ్మా?"

"మాకు కూడు అదే సారూ. ఇప్పుడు కాలువలోకి చుక్క వదలడం లే. అంతా తొట్టిలోకే."

"తొట్టి నిండిపోయి, ఎండకపోతే ఏం చేస్తావు?"

అది నేను ఆలోచించుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. మా పాప నా వైపే చూస్తోంది.

"ఎండే దాకా రంగు ఏయను" అన్నాను.

ఆయన తల ఊపి, ఏదో రాసుకుని పక్క బల్లకు పోయాడు. మాకు బహుమతి రాలేదు. ఎవరూ వచ్చి బాన మూయమనలేదు, వస్తారేమో తెలియదు. తిరుగు బస్సులో పాప నా భుజం మీద తల పెట్టుకుని అడిగింది.

"నిజంగానే ఏయవామా? పనొస్తే?"

"అందరి ముందర చెప్పినా గదే."

"మల్ల అన్నమో?"

"సగం తిందాం లే" అన్నాను. నవ్వింది. నాకు మాత్రం భయంగానే ఉండింది.

ఆ మాటకు పరీక్ష తొందరగానే వచ్చింది. మబ్బులు పట్టి ఎండ రాలేదు, తొట్టి నిండి ఉంది. సరిగ్గా అప్పుడే మామ పెళ్ళి చీరల నూలు ఎత్తుకొచ్చాడు. ఎరుపు కావాలి, అదీ వెంటనే కావాలి.

"ఇప్పుడు కాదు మామా. తొట్టి ఎండాల."

"ఒక్క బాన కాలువలోకి వదిలితే కుంట మునుగుతాదా?"

"వదలను."

"టౌన్లో రంగు ఏపించుకుంటా అయితే."

"ఏపించుకో మామా" అన్నాను. ఆయన చిలపలు చంకలో పెట్టుకుని విసవిసా పోయాడు. పాప గడపలో నిలబడి అంతా విన్నది. వచ్చి పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుంది.

టౌనుకు పోలేదు ఆయన. తెల్లారి నేను కసువు ఊడుస్తుంటే వెనక సావిడిలో అలికిడి అయింది. మామ తొట్టి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఇబ్బంది పడలేదు. చూపుడు వేలు నీళ్ళలో నిలువుగా ముంచి, బండకు తగిలేదాకా దించి, పైకి తీసి తడి ఎంతవరకు ఉందో చూసుకున్నాడు. ఎర్రగా అయిన వేలును పంచెకు తుడవబోయి ఆగి, గోడకు తుడిచాడు.

"ఇంగ ఇంత ఉండాది" అని ఆ వేలు నాకు చూపించి, తల పైకెత్తి మబ్బును తిట్టాడు.